మాట పోయిన మనిషి సుఖంగా ఉన్నారో లేదో కొలవగలమా?

ప్రశ్న (పొదలకూరు నుంచి)

మా నాయన నిమ్మతోట చేసిన రైతు. అల్జీమర్స్ ముదిరి ఇప్పుడు మంచం మీదే ఉన్నారు. మమ్మల్ని గుర్తుపట్టరు, ఒకటి రెండు మాటలకు మించి పలకరు. బెంగళూరులో ఉండే మా అన్నయ్య, ఈ బతుకులో ఆయనకు సుఖమేముందని అడుగుతున్నాడు. రోజూ ఒళ్లు తుడిచి రాగిజావ తాపే మా అమ్మ మాత్రం ఆయన బాగానే ఉన్నారంటుంది. నెల్లూరులో చూపిస్తే జ్ఞాపకశక్తి పరీక్ష చేసి, సున్నా వచ్చిందని రాసిచ్చారు. ఆయన ఎలా ఉన్నారో తెలిపే కొలత వైద్యంలో ఏదైనా ఉందా?

జవాబు (ఒంగోలు, నర్సు)

ఉంది. జ్ఞాపకశక్తి పరీక్షలో సున్నా వచ్చినవారు కూడా హాయిగా ఉండవచ్చు, నరకం అనుభవిస్తూనూ ఉండవచ్చు; ఆ అంకె ఈ రెంటిలో దేన్నీ చెప్పదు. వ్యాధి తొలిదశల్లో అల్జీమర్స్‌లో జీవితం ఎలా సాగుతోందో కొలిచే క్యూఓఎల్-ఏడీ వంటి ప్రశ్నావళితో రోగినే అడుగుతారు. మీ నాయనగారి దశ కోసం తయారైన క్వాలిడ్ అనే స్కేలు 2000లో వెలువడింది. దగ్గరుండి చూసుకునేవారు గడిచిన వారం రోజుల్లో కళ్లారా చూసినదాన్ని బట్టి 11 అంశాలకు ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేస్తారు: నవ్వుతున్నారా, దిగులుగా కనిపిస్తున్నారా, ఏడుస్తున్నారా, ముఖంలో బాధ తెలుస్తోందా, ఇష్టంగా తింటున్నారా, చేయి పట్టుకుంటే హాయిపడుతున్నారా, ప్రశాంతంగా ఉన్నారా వంటివి. మొత్తం 11 నుంచి 55 మధ్య వస్తుంది. తక్కువ వస్తేనే మేలని గుర్తుంచుకోండి. పరీక్ష మార్కుల అలవాటుతో చాలామంది తలకిందులుగా చదువుతారు.

అంకె ఉన్నట్టుండి పెరిగితే వ్యాధి ముదిరిందని సరిపెట్టుకోకుండా ముందు నొప్పి కోసం వెతకాలి. మలబద్ధకం, పడకపుండు, మూత్రంలో ఇన్ఫెక్షన్, పంటినొప్పి, వీటిలో దేన్నీ ఆయన నోటితో చెప్పలేరు. ఊపిరి, మూలుగు, ముఖకవళికలు, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరడిల్లడం అనే ఐదింటిని చూసి పదికి లెక్కవేసే పెయినాడ్ అనే స్కేలు ఇందుకు వేరే ఉంది.

జవాబు (కందుకూరు, ఇంట్లో అత్తగారిని చూసుకుంటున్నాను)

పై జవాబుకు ఒక మాట చేర్చాలి. ఈ అంకె వేసేది మరొక మనిషి. జవాబు చెప్పగలిగే దశలో ఉన్న రోగులు తమ జీవితానికి వేసుకునే అంకెల కంటే ఇంటివాళ్లు వేసేవి సాధారణంగా తక్కువ సుఖాన్ని చూపుతాయనీ, చూసుకునేవారి అలసట, దిగులు కూడా అందులో కలుస్తాయనీ పరిశోధనలు చెబుతున్నాయి. మీ అన్నయ్య తోటలో తిరిగిన నాయనతో పోల్చుకుంటున్నారు, మీ అమ్మగారు నిన్నటి మనిషితో పోల్చుకుంటున్నారు. అందుకే “ఎలా ఉన్నారు” అని అడగకుండా, ఈ వారం ఎప్పుడు నవ్వారు, ఒళ్లు తుడిచేటప్పుడు మూలిగారా అని అడగండి.

ప్రశ్న అడిగినవారు

అమ్మకు చదువు రాదు. ఆమె చెబితే నేను నింపవచ్చా?

జవాబు (ఒంగోలు, నర్సు)

నింపవచ్చు. ప్రతిసారీ ఆమెనే అడగండి; ఒకసారి ఆమె, ఒకసారి అన్నయ్య చెబితే తేడా నాయనగారిలో వచ్చిందో, చెప్పినవారిలో ఉందో తేలదు. ఇంట్లో తెలుగు చేసుకున్న ప్రశ్నలతో వచ్చిన అంకెను వేరే రోగి అంకెతో పోల్చవద్దు. ఆయన పాత అంకెతోనే పోల్చండి. ఇక ఎంతవరకు వైద్యం చేయించాలన్నది మీ అన్నయ్య అసలు ప్రశ్న అయితే, దాన్ని ఏ స్కేలూ తేల్చదు; అంకెలు వేసిన కాగితాలు వెంట పెట్టుకుని, అన్నయ్య ఊరికి వచ్చినప్పుడు ముగ్గురూ కలిసి డాక్టరుగారి దగ్గర కూర్చోండి.