కిడ్నీ దెబ్బతిన్న నాన్నకి రక్తం పలచన చేసే మందు వల్ల రక్తం ఆగట్లేదు, విరుగుడు ఉందా?

మాది కవిటి దగ్గర పల్లె. నాన్నకి 68 ఏళ్ళు, గుండె లయ తప్పిందని రెండేళ్ళుగా రక్తం పలచన చేసే డాబిగాట్రాన్ క్యాప్సూల్ పూటకొకటి వేసుకుంటున్నారు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 3.1 అయింది. నిన్న చిగుళ్ళ రక్తం ఎంతకీ ఆగలేదు, ఈ ఉదయం విరేచనం తారులా నల్లగా అయింది. విరుగుడు ఉంటుందా? కిడ్నీ పాడైతే అది పనిచేస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు 108కి ఫోన్ చెయ్యి, మిగతాది దారిలో చదువుకో. ఐరన్ మాత్రలకీ విరేచనం నల్లబడుతుంది గానీ, చిగుళ్ళ రక్తం కూడా ఉంది కాబట్టి ఇంట్లో ఆగొద్దు. డాక్టరు చూసేదాకా తరవాతి క్యాప్సూల్ వెయ్యకండి. ఈ మందు 80 శాతం దాకా కిడ్నీల నుంచే పోతుంది, అవి బాగా దెబ్బతింటే సగం మందు పోవడానికే రోజుకు పైగా పడుతుంది, అందుకే క్రియాటినిన్ పెరిగినప్పుడే దీన్ని మార్చాలా అని అడగాల్సింది. విరుగుడు ఉంది, ఇడారుసిజుమాబ్. 2.5 గ్రాముల సీసాలు రెండు నరంలోకి ఎక్కిస్తారు, కిడ్నీ బాగోలేదని మోతాదు తగ్గించరు, నిమిషాల్లో పనిచేస్తుంది. కానీ రక్తం బయట ఒంట్లో మిగతా చోట్ల దాగిన మందు 12 నుంచి 24 గంటల్లో మళ్ళీ రక్తంలోకి రావచ్చు, రక్తం ఆగింది కదా అని డిశ్చార్జి అడగొద్దు. ఈ ఇంజెక్షన్ అన్నిచోట్లా దొరకదు, వెళ్ళేముందే ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే డయాలసిస్‌తో కూడా ఈ మందును దాదాపు సగం దాకా తీయొచ్చు.

అక్కా, మా అత్తగారికి రక్తం పలచన చేసే ఇంకో మందు, ఎపిక్సబాన్ ఇస్తున్నారు, డయాలసిస్ ఆవిడకీ పనికొస్తుందా?

జవాబు: రాదమ్మా. ఎపిక్సబాన్, అలాంటిదే రివరోక్సబాన్, రక్తంలోని ప్రొటీన్లకి అతుక్కుని ఉంటాయి, మెషిన్‌కి అందవు. వాటికి ఎక్కువచోట్ల గడ్డకట్టే పదార్థాల గాఢ ఇంజెక్షన్, అదే పీసీసీ, వాడతారు. ఇదే పనికి వాడే పాత మందు వార్ఫరిన్ అయితే విరుగుడు విటమిన్ కె, దానికి గంటలు పడుతుంది కాబట్టి తీవ్రంగా రక్తం పోతుంటే పీసీసీ కూడా కలుపుతారు. అందుకే ఏ మందో తెలియడం ప్రాణమంత ముఖ్యం. తమ్ముడూ, నాన్నగారు మోకాళ్ళ నొప్పికి ఏమైనా వేసుకున్నారా?

అవునక్కా, మెడికల్ షాపు వాడిచ్చిన నొప్పి బిళ్ళ, మూడు రోజులుగా. ఇప్పుడే అమ్మ చెప్పింది.

జవాబు: అలాంటి నొప్పి బిళ్ళల్లో చాలావాటి వల్ల కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీ ఇంకా దెబ్బతినొచ్చు. ఆ కవరు కూడా పట్టుకెళ్ళు.

బండి ఎక్కామక్కా. రెండు స్ట్రిప్‌లూ నా జేబులోనే ఉన్నాయి, ఆఖరి క్యాప్సూల్ నిన్న రాత్రి 8కి వేశారని అట్ట మీద పెన్నుతో రాశాను.

జవాబు: మంచి పని చేశావు. వెళ్ళగానే డాక్టరు చేతిలో అదే పెట్టు.