గంటసేపు బయటకు వెళ్లేటప్పుడు ఏసీ ఆపాలా, నడవనివ్వాలా?

సందేహి:
ఇది మా ఇంట్లో చాలాకాలంగా తెగని వాదన. నేను గది దాటితే ఏసీ ఆపేస్తాను. మా తమ్ముడు మాత్రం, ఆపి మళ్లీ వేస్తే గదిని మొదటి నుంచీ చల్లబరచాల్సి వస్తుంది కాబట్టి దానికే ఎక్కువ కరెంటు కాలుతుందనీ, కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే విద్యుత్తు మిగిలిన కాస్త ఆదానూ మింగేస్తుందనీ అంటాడు. ఏసీ బాగుచేయడానికి వచ్చిన మనిషి కూడా తమ్ముడి మాటే బలపరచడంతో నేను ఒంటరినయ్యాను. లెక్క తెలిసినవారు, ఏ పక్షమైనా సరే, కారణంతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

లెక్కల మాస్టారు:
ముందుగా ఆ కంప్రెసర్ సంగతి తేల్చేద్దాం. ఇన్వర్టరు (కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే ఏర్పాటు) లేని సాధారణ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో, మామూలుగా నడిచేటప్పటికంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుందన్న మాట నిజమే. అయితే అది సెకనులోపే సద్దుమణుగుతుంది. 1500 వాట్ల యంత్రం నిండు సెకనుపాటు ఆరు రెట్లు లాగిందనుకున్నా అయ్యే ఖర్చు 9000 జౌళ్లు. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే ఆ ఊపుకు పట్టేది యూనిట్‌లో 400వ వంతు, అదే యంత్రం ఆరు సెకన్లు నడిస్తే కాలేంత. పైగా మీరు ఆపకుండా వదిలేసిన సాధారణ ఏసీలో కూడా గది ఉష్ణోగ్రతను కనిపెట్టే థర్మోస్టాట్ గంటకు పలుమార్లు కంప్రెసర్‌ను ఆపి మళ్లీ వేస్తూనే ఉంటుంది కదా. మీ తమ్ముడు ఆ ఖర్చును లెక్కలో వేసినట్టు లేదు.

ఇక అసలు విషయం. ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు, లోపలి వేడిని బయటకు తోడిపోస్తుంది. చిల్లు పడిన పడవలోంచి నీళ్లు తోడుతున్నట్టు ఊహించుకోండి. తోడడం మానేస్తే పడవలో మట్టం పెరుగుతుంది, నిజమే; కానీ లోపలి మట్టం బయటి మట్టానికి దగ్గరయ్యే కొద్దీ చిల్లులోంచి వచ్చే నీటి జోరు తగ్గుతుంది. గదికీ అంతే. బయట 38 డిగ్రీలు, లోపల 26 ఉంటే తేడా 12. ఏసీ ఆపాక లోపల 34కు చేరితే తేడా 4 మాత్రమే, గోడల గుండా వచ్చే వేడి కూడా దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. కాబట్టి తిరిగి వచ్చాక తోడవలసిన మొత్తం వేడి, ఆపకుండా ఉంటే తోడి ఉండేదానికంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఆపిన ప్రతి నిమిషమూ ఆదాయే.

విశ్రాంత మెకానిక్:
మాస్టారి పడవ ఉపమానం బాగుంది గానీ, తోడే మనిషి అలసట సంగతి అందులో లేదు. తోడవలసిన వేడి తగ్గుతుందన్న మాటను నేను కాదనను. ఆ వేడిని తోడడానికి ఎంత కరెంటు పడుతుందన్నది వేరే ప్రశ్న, పేచీ అంతా అక్కడే ఉంది.

ఇన్వర్టరు ఏసీ గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుని నెమ్మదిగా నడుస్తుంది. అలా నడిచేటప్పుడు వేడిని అందుకుని వదిలే అదే పరిమాణపు కాయిళ్ల (గొట్టాల చుట్టల) మీద భారం తక్కువ కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో ఎక్కువ వేడిని బయటకు పంపగలదు. నెమ్మదిగా ఉన్నప్పుడు యూనిట్‌కు 4 పాళ్లు, పూర్తి వేగంలో 3 పాళ్లు పంపుతుందని ఉదాహరణకు అనుకుందాం. మీరు గదిలో లేని గంటలో ఏసీ ఆపకపోతే 100 పాళ్ల వేడి తోడాలి, దానికి 25 యూనిట్లు. ఆపినందువల్ల ఆ 100 కాస్తా 85కు తగ్గిందనుకోండి. తిరిగి వచ్చాక పూర్తి వేగంతో తోడితే 28 దాటుతుంది. అంటే ఆపి నష్టపోయారు. 60కి తగ్గితే 20తో సరిపోతుంది, అప్పుడు లాభం. ఆ హద్దు ఈ ఉదాహరణలో 75 దగ్గర ఉంది. పావుగంటకో అరగంటకో బయటకు వెళ్లి వచ్చేవారి గది అంత వేడెక్కదు, ప్రవేశించే వేడీ పెద్దగా తగ్గదు, కాబట్టి వారికి ఆ 25 పాళ్ల తగ్గుదల రాదు. మూడు గంటలు, నాలుగు గంటలు వెళ్లేవారికి తప్పకుండా వస్తుంది. అందుకే "ప్రతి నిమిషమూ ఆదాయే" అనడం సాధారణ యంత్రానికి చెల్లుతుందేమో గానీ ఇన్వర్టరుకు చెల్లదు.

లెక్కల మాస్టారు:
ఒప్పుకుంటున్నాను, ఆ వాక్యం తొందరపడి రాశాను. అయితే మీ లెక్కలోనూ ఒక బరువు ఎక్కువ పడింది. తిరిగి వచ్చాక తోడే వేడి మొత్తం పూర్తి వేగంలోనే తోడతారని మీరు తీసుకున్నారు. నిజానికి గాలి కోరుకున్న ఉష్ణోగ్రతకు దగ్గరయ్యేదాకానే యంత్రం పరుగెత్తుతుంది. గోడల్లో, మంచంలో చేరిన వేడి ఆ తర్వాత మెల్లగా బయటపడుతుంది, దాన్ని నెమ్మది వేగంలోనే తోడుతుంది. పైగా మిట్టమధ్యాహ్నం వెళ్లి సాయంత్రం వచ్చినవారికి ఇంకో లాభం ఉంది: బయటి గాలి చల్లబడినప్పుడు అదే వేడిని తక్కువ కరెంటుతో తోసెయ్యవచ్చు.

సందేహి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక చిన్న సందేహం. నేను తిరిగి వచ్చి ఏసీ వేయగానే అయిదారు నిమిషాల్లో గాలి చల్లగా తగులుతుంది, కానీ అరగంట దాటినా ఒళ్లు ఉక్కగానే ఉంటుంది. గది చల్లబడినట్టా, కానట్టా?

విశ్రాంత మెకానిక్:
గాలి చల్లబడింది, గది చల్లబడలేదు. 40 ఘనపు మీటర్ల గదిలోని గాలి బరువు 48 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని 5 డిగ్రీలు చల్లబరచడానికి తీయవలసిన వేడి దాదాపు 240 కిలోజౌళ్లు. ఏసీకి అది ఓ చిటికె, యూనిట్‌లో నలభయ్యో వంతు కరెంటు కూడా పూర్తిగా కాదు. ఒక టన్ను ఇటుకను ఒకే ఒక్క డిగ్రీ చల్లబరచాలన్నా దాదాపు 840 కిలోజౌళ్లు తీయాలి, గదికి ఇటుక ఒక టన్నుతో ఆగదు కదా. మీ ఒంటికి తగిలే ఉక్క ఆ గోడలదీ, గాలిలోని తేమదీ. లీటరు నీటికి సరిపడా ఆవిరిని కాయిల్ మీద నీరుగా మార్చడానికి సుమారు 2450 కిలోజౌళ్ల వేడి తీయాలి. గొట్టంలోంచి బయటకు కారే ప్రతి లీటరు నీళ్లకూ మీరు కరెంటు చెల్లిస్తున్నారు.

ఉక్క తట్టుకోలేక చాలామంది రిమోట్ మీద 18 నొక్కుతారు. సాధారణ ఏసీలో దానివల్ల చల్లదనం ఒక్క క్షణం కూడా ముందు రాదు, కంప్రెసర్‌కు ఉన్నది ఒకటే వేగం. ఇన్వర్టరులో అయితే ఇంకా నష్టం, ఎక్కువసేపు పూర్తి వేగంతో పరుగెత్తించినట్టవుతుంది. 26 పెట్టి ఫ్యాన్ తిప్పుకోండి.

వానకోయిల:
ఈ వాదనలో ఏసీని గీజరుతో పోల్చి చూస్తే తేడా సులువుగా తెలుస్తుంది. ట్యాంకు గీజరులో ఉండేది వేడెక్కే కడ్డీ. పూర్తి వేగం, నెమ్మది వేగం అన్న తేడా దానికి లేదు. కాలిన కరెంటంతా ఎప్పుడైనా ఒకే తీరున వేడిగా మారుతుంది. కాబట్టి మెకానిక్ గారి అభ్యంతరం అక్కడ నిలవదు, మాస్టారి "ప్రతి నిమిషమూ ఆదాయే" అక్షరాలా సరిపోతుంది. 25 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60కి కాచడానికి ఒక యూనిట్ పైచిలుకు పడుతుంది. రోజంతా స్విచ్ వేసి ఉంచితే ట్యాంకు గోడల నుంచి పోయే వేడి దీనికి అదనం. అలాగని ట్యాంకును ఎప్పుడూ గోరువెచ్చగా ఉంచడం కూడా మంచిది కాదు. లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది, అందుకే నిల్వ నీటిని 60 దాకా కాచమంటారు.

ఏసీ మాటకు వస్తే, వాదించడం కంటే మీటరును అడగడం నయం. ఎలక్ట్రానిక్ మీటరు మీద మిణుకుమనే ఎర్రదీపం ఉంటుంది, దాని పక్కనే యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుతుందో రాసి ఉంటుంది. ఆ సంఖ్య 3200 అయితే, నిమిషంలో 32 మిణుకులు లెక్కపెట్టారనుకోండి, ఆ క్షణాన ఇల్లు 600 వాట్లు లాగుతున్నట్టు.

సందేహి:
ఇప్పుడే లేచి వెళ్లి రెండు ఏసీల మీది చీటీలూ చదివాను. నా గదిలోది సాధారణ యంత్రం, తమ్ముడి గదిలోది ఇన్వర్టరు. ఇన్నాళ్లూ ఎవరి గది గురించి వాళ్లం మాట్లాడుకుంటూ ఒకే ఏసీ గురించి పోట్లాడుకుంటున్నామని భ్రమపడ్డామన్నమాట. ఎండ ఒకేలా కాసే రెండు రోజులు చూసుకుని, ఒక రోజు గంటసేపు ఆపి, ఇంకో రోజు ఆపకుండా, వెళ్లే ముందూ, తిరిగి వచ్చిన రెండు గంటలకూ మీటరు అంకె రాసి పెడతాను. మొదటి ప్రయోగం తమ్ముడి గదిలోనే.

విశ్రాంత మెకానిక్:
చేయండి. అంకె దశాంశ స్థానాలతో సహా రాయండి, లేకపోతే తేడా కనబడదు. ఫ్రిజ్ ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి ఒక్క జత రోజులతో తీర్పు చెప్పకుండా మూడు నాలుగు జతలు చూడండి. ఆపిన రోజున తిరిగి వేసేటప్పుడు మూడు నిమిషాలు ఆలస్యమైతే కంగారుపడకండి. లోపలి గ్యాసు ఒత్తిళ్లు సమం అయ్యేదాకా కంప్రెసర్‌ను మొదలు కానివ్వని ఏర్పాటు చాలా యంత్రాల్లో ఉంటుంది. అది లేని పాత యంత్రమైతే ఆ మూడు నిమిషాలూ మీరే ఆగాలి.