చెవిలో చీము కారితే మొదటి రోజే కల్చర్ (ఏ క్రిమి ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించాలా?

గోదారిగట్టు: చేయించాలి. మా నాన్నగారికి డెబ్బై దాటాయి, షుగరు ఉంది. చెవిపోటుతో రాత్రంతా కూర్చునే తెల్లవార్చేవారు. వెళ్లిన ప్రతిసారీ చుక్కల మందు మార్చి పంపారు. మూతి ఒక పక్కకు వంకర పోయాక స్కాన్ తీస్తే, ఇన్‌ఫెక్షన్ పుర్రె అడుగు ఎముకకు పాకిందని తేలింది. ఆస్పర్జిల్లస్ అనే బూజట! మొదటి రోజే పరీక్ష చేసి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

ల్యాబ్ మూర్తి: బాధ అర్థమైంది, వాదన నిలవదు. చెవి నుంచి ఎముకకు పాకే ఈ జబ్బుకు ఎక్కువగా కారణం సూడోమోనాస్ బ్యాక్టీరియా. బూజు అరుదు. పైగా చెవిలో స్వాబ్ (దూది పుల్ల) తిప్పితే పైపైన ఉన్న క్రిములే పెరుగుతాయి. లోపలి కండ ముక్క తీసి పంపాలి. మీ మొదటి రోజు స్వాబ్‌లో ఏమీ దొరికేది కాదేమో.

కొబ్బరాకు: మా అమ్మమ్మ వెల్లుల్లి నూనె వెచ్చచేసి పోసేది. ఏ కల్చరూ లేదు.

ల్యాబ్ మూర్తి: పోయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే నేరుగా లోపలికి పోతుంది.

గోదారిగట్టు: “ఏమో” అన్నారుగా! దొరికేదేమో కూడా.

మల్లెపందిరి: మా ఆడపడుచుకు నొప్పి లేకుండానే చెవి కారేది, వినికిడి త్వరగా పడిపోయింది. చివరికి క్షయ అని తేలింది. మామూలు కల్చర్‌లో అది దొరకదు, విడిగా అడగాలి.

గోదారిగట్టు: చూశారా! పరీక్షలు చేయాలి.

ల్యాబ్ మూర్తి: ఆవిడ చెప్పింది దానికి వ్యతిరేకం. షుగరున్న పెద్దవారు, రాత్రిపూట పెరిగే నొప్పి, చెవి గొట్టంలో ఎర్రటి కండ, మందుకు లొంగకపోవడం: అక్కడ ఆగి బయాప్సీ (కండ ముక్క పరీక్ష), స్కాన్ చేయాలి. జలుబు చేసి చెవి కారే ప్రతి పిల్లవాడికీ కాదు.

గోదారిగట్టు: ఆ నొప్పి గురించి డాక్టరుగారికి చెబితే “ఫోనులో చదివి వచ్చారా” అన్నారు. మీకేమండీ, చీటీలో రాసింది చేసి చేతులు దులుపుకుంటారు.

ల్యాబ్ మూర్తి: ఆ చీటీలో “చెవి స్వాబ్” అని రెండే ముక్కలుంటాయి! వయసు, షుగరు, వాడిన మందు ఏదీ రాయరు. బూజు అనుమానం ఉందని చెబితే కదా కల్చర్ పెంచే ప్లేటును ఎక్కువ రోజులు ఉంచేది? నా కోపమూ అలాంటి డాక్టర్ల మీదే, మీరేమో నన్ను తిడుతున్నారు.

గోదారిగట్టు: ఆ మాట ముందే చెప్పవచ్చుగా. “ఇది వేరే ఏదైనా కావచ్చా” అని రోగి అడిగితే చిన్నబుచ్చకుండా వినాలి. నా గొడవంతా అదే.

ల్యాబ్ మూర్తి: ఒప్పుకుంటాను. “మొదటి రోజే” అన్నది మాత్రం వెనక్కి తీసుకోండి.

గోదారిగట్టు: తీసుకోను.