ఉప్పు తోలిన లారీ ఛాసిస్‌కి ఏ పూత? రెడాక్సైడా, ఎపాక్సీనా?

టెక్కలి కామెట్:
నాన్న లారీ బాగు చేయిస్తున్నాను. 1988 లేలాండ్ కామెట్. పన్నెండేళ్లు నౌపడ ఉప్పు తోలింది, తర్వాత మా కళ్లంలో రేకుల షెడ్డు కింద నిలబడిపోయింది. బాడీ దించేశాం. ఛాసిస్ పట్టీలు సుత్తితో కొడితే ఖంగుమంటున్నాయి కానీ, వెనక కమాన్ కట్టల దగ్గర తుప్పు అప్పడాల్లా పొరలు పొరలుగా లేస్తోంది. మేస్త్రీ రెడాక్సైడ్ (ఎర్ర ప్రైమర్) రెండు కోట్లు, పైన బ్లాక్ చాలంటున్నాడు. బావమరిది ఎపాక్సీ, అదే రెండు డబ్బాలు కలిపి వేసే గట్టి పూత, అంటున్నాడు. ఏది వేయించమంటారు?

మీసాల మేస్త్రీ:
రెడాక్సైడే. బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా చేస్తున్నా. వైర్ బ్రష్, రెడాక్సైడ్, బ్లాక్. ఇందులో చర్చేముంది?

ఓడరేవు:
చాలా ఉంది. విశాఖలో ఓడల పెయింటింగ్‌లో 19 ఏళ్లు పనిచేశాను. రెడాక్సైడ్ అంటే ఐరన్ ఆక్సైడు, అంటే తుప్పు పొడే. అది రంగు, మందు కాదు. అసలు ఈ లారీకి పెయింటు కంటే ముందు చూడాల్సింది ఉప్పు. అది తుప్పు గుంటల అడుగున దాక్కుంటుంది, వైర్ బ్రష్‌కి అందదు. దాని మీద ఎంత ఖరీదైన పెయింటు వేసినా గాల్లో తేమను లోపలికి లాగి బొబ్బలెక్కిస్తుంది. ముందు మంచినీళ్లతో ప్రెజర్ వాష్. ఆరాక బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుకలాంటి రేణువులు కొట్టి తుప్పు రాల్చడం. ఒక రాత్రి వదిలేసి చూడండి, గుంటల దగ్గర నల్లటి మచ్చలు తేలితే ఉప్పు ఇంకా ఉన్నట్టే. మళ్లీ కడిగి, మళ్లీ బ్లాస్ట్ చేసి, అదే పూట జింక్ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ రెండు కోట్లు. జింక్ ప్రైమర్ తుప్పు మీద వేస్తే దండగ. జింక్ నేరుగా ఇనుముని తాకితేనే పనిచేస్తుంది.

బండి పిచ్చోడు:
ఇంత గొడవెందుకు, గాల్వనైజింగ్ చేయించెయ్ బ్రో, కరిగిన జింక్‌లో ముంచి తీస్తారు.

మీసాల మేస్త్రీ:
తుప్పు పట్టిన బండికి నీళ్లు కొట్టమంటున్నారు, బాగుంది. జ్వరమొచ్చినోడికి చన్నీళ్ల స్నానమన్నమాట. ఇంకొకటి, మేం కొట్టేది రెడాక్సైడ్ జింక్ క్రోమేట్. అందులో మందు ఉంది. డబ్బా మీద ఏం రాసుందో చదివి మాట్లాడండి.

ఓడరేవు:
క్రోమేట్ పనిచేస్తుంది, కాదనను. అది విషమన్నది కూడా అదే డబ్బా మీద చూడండి. నీళ్ల మాటకొస్తే, ఉప్పు కరిగేది నీళ్లలోనేనండీ, థిన్నర్‌లో కాదు. కొత్త ఓడల బ్యాలాస్ట్ ట్యాంకుల్లో, అంటే ఓడ నిలకడకి సముద్రపు నీళ్లు నింపే ట్యాంకుల్లో, పెయింటుకి ముందు ఇనుము మీద చదరపు మీటరుకి 50 మిల్లీగ్రాములకు మించి ఉప్పు ఉండకూడదని అంతర్జాతీయ నిబంధన. మీరు నవ్వుతున్న కడుగుడు అందుకే.

గాల్వనైజింగ్ అన్న తమ్ముడికి: కరిగిన జింక్ 450 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత పొడుగు పట్టీలు వంకర పోవచ్చు. రివెట్ల సందుల్లోకి దిగిన యాసిడ్ తర్వాత లోపల్నించి తింటుంది.

పాత డ్రైవర్:
కాలిన ఇంజనాయిల్ కొట్టి వదిలెయ్యండి. మా ఓనర్ అదే చేసేవాడు.

టెక్కలి కామెట్:
ఆయిలు కొడితే రబ్బరు బుష్షులు ఉబ్బిపోవా అండీ? ఎలాగూ అన్నీ కొత్తవి వేస్తున్నాను.

మీసాల మేస్త్రీ:
మిల్లీగ్రాములు కొలిచే మిషను మీ దగ్గరుంటే పంపించండి సార్. లారీ ఓడ కాదు. ఓనరు వచ్చి సోమవారం లోడుందంటాడు. రెండుసార్లు కడిగి, రెండుసార్లు బ్లాస్ట్ చేసి, రాత్రి కాపలా కాయడానికి డబ్బులెవరిస్తారు? నెట్‌లో చదివొచ్చి మాకు పని నేర్పుతారు, బిల్లు చూడగానే రెడాక్సైడే కొట్టెయ్ మేస్త్రీ అంటారు.

ఓడరేవు:
నెట్‌లో చదివింది కాదయ్యా. నా సొంత వ్యాన్ అడుగుకి ఎపాక్సీ అని డబ్బు తీసుకుని తుప్పు మీదే పూసిచ్చారు, మీలాంటి మేస్త్రీలే. రెండో వర్షాకాలానికి పెచ్చులు చేత్తో ఊడొచ్చాయి. మీరు పని దొంగతనానికి పెట్టుకున్న పేరు రెడాక్సైడ్.

మీసాల మేస్త్రీ:
మాట జాగ్రత్త. దొంగతనం అన్నావు కాబట్టి చెప్తా విను. మా షెడ్డుకి ఒక టిప్పర్ వచ్చింది. ఎపాక్సీ వేసిన ఛాసిస్, అద్దంలా నల్లగా నిగనిగలాడుతోంది. కమాన్ బ్రాకెట్ పక్కన పట్టీ సగం దాకా చీలిపోయింది. పైన పెయింటు మందంగా చెక్కు చెదరకుండా ఉంది, అందుకే ఎవరికీ కనపడలా. వారం తర్వాత లోడు మీద విరిగింది. డ్రైవర్ కాలు పోయింది. మామూలు రెడాక్సైడ్ అయితే చీలిక దగ్గర ఎర్రగా వెంట్రుకంత గీత కారుతుంది. గ్రీజు కొట్టే కుర్రాడు కూడా పట్టేస్తాడు. నాకు తుప్పంటే భయం లేదు. తుప్పు కనపడకపోతేనే భయం.

బండి పిచ్చోడు:
ఇది ముందే చెప్పుంటే సగం పోస్టులు మిగిలేవి కదా మేస్త్రీ.

ఓడరేవు:
దొంగతనం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తప్పు ఎపాక్సీది కాదు, నలుపుది. బ్యాలాస్ట్ ట్యాంకులకు లేత రంగే వేయాలని రూలుంది, ఎందుకనుకున్నారు? చీలినా, తుప్పు కారినా టార్చిలైటు వేయగానే కనపడాలని. లేత బూడిద రంగు వేయించండి.

మీసాల మేస్త్రీ:
లేత రంగు ఒప్పుకుంటా. అయినా ఒక మాట. మీరు పదేళ్లు బండి కిందికి దూరక్కర్లేని పూత అడుగుతున్నారు. నేను ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) ముందు దూరి, గీకి, బ్రష్‌తో మళ్లీ పూసుకునేది అడుగుతున్నా. మీ పూత ఉన్న బండి కిందికి ఎవరూ దూరరు.

ఓడరేవు:
దూరడానికి ఓపిక లేనివాళ్ల కోసమే కదండీ పూత.

మీసాల మేస్త్రీ:
అదే నేను చెప్పేది.

టెక్కలి కామెట్:
ఇద్దరికీ దండం. దూరేది నేనే, ఇంకెవరూ లేరు. మంచినీళ్ల ట్యాంకర్ మాట్లాడాను, బ్లాస్టింగ్‌కి శ్రీకాకుళంలో మనిషి దొరికాడు. బూడిద రంగు ఎపాక్సీయే. ఒక్క డౌటు. ఛాసిస్ నంబరు చెక్కిన చోట బ్లాస్ట్ తగిలితే అక్షరాలు అరిగిపోతాయా? ఇప్పుడే కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది చూశాను, చివరి రెండంకెలు సరిగ్గా రావట్లేదు.

మీసాల మేస్త్రీ:
ముందు ఆ చోట టేపు నాలుగు వరసలు చుట్టి, పైన రబ్బరు ముక్క కట్టు. అక్కడ గన్ను పెట్టనివ్వకు. చేత్తో మెత్తటి ఎమెరీ రుద్దు, రంగు పల్చగా ఒక్క చెయ్యి వెయ్యి. నంబరు ఫొటో ఈ రోజే తీసిపెట్టుకో.