చికాగో విశ్వవిద్యాలయం వింత వ్యాస ప్రశ్నలు: ఏది ఎంచుకోవాలి, ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న | కూకట్‌పల్లి_12

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో సీబీఎస్ఈ పన్నెండో తరగతి చదువుతున్నాను. అమెరికాలో డిగ్రీ చదువు కోసం దరఖాస్తు చేస్తున్నాను. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పంపుకునే కామన్ యాప్‌లో అడిగే 650 పదాల సొంత వ్యాసం పూర్తయింది. యూనివర్సిటీ ఆఫ్ చికాగో వాళ్లు దానికి తోడు మరో రెండు వ్యాసాలు అడుగుతున్నారు. అక్కడే ఎందుకు చదవాలనుకుంటున్నావనే మొదటిదానితో ఇబ్బంది లేదు. రెండోదాని కోసం ఇచ్చిన ప్రశ్నలు చూస్తే మాత్రం ఏం చేయాలో పాలుపోవడం లేదు. పాత ప్రశ్నల్లోంచి కూడా ఎంచుకోవచ్చన్నారు కాబట్టి అవీ చదివాను. బేసి సంఖ్యల్లో అంత వింతేముందని ఒకటి (ఇంగ్లీషులో బేసికీ వింతకీ ‘ఆడ్’ అనే ఒకే మాట), సున్నాతో నిజంగా దేన్ని భాగించగలమని ఇంకొకటి. పిల్లికి తొమ్మిది ప్రాణాలు, వీడియో గేమ్‌లోని ప్యాక్‌మ్యాన్‌కు మూడు, రేడియోధార్మిక ఐసోటోపులకు అర్ధాయువు (ఇంగ్లీషులో ‘హాఫ్ లైఫ్’) ఉన్నాయి కదా, మరి వేరే దేనికైనా ఎన్ని ప్రాణాలుంటాయో చెప్పమని మరొకటి. నాకు లెక్కలంటే ఇష్టం కనుక సున్నా ప్రశ్న తీసుకుందామనుకుంటున్నాను. తెలిసినవారి కన్సల్టెన్సీలో అడిగితే ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లు రాసే ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) నమూనా ఒకటి చేతిలో పెట్టి, నా రోబోటిక్స్ పోటీ సంగతి అందులో ఎక్కడో ఒకచోట ఇరికించమన్నారు. అది సరైన పద్ధతేనా? దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు | మిషిగన్_తీరం

చెల్లీ, నేను అక్కడే డిగ్రీ చదివాను. మన పిల్లల వ్యాసాలు అప్పుడప్పుడు చదివి పెడుతుంటాను. ముందుగా ఆ ఎస్ఓపీ నమూనా పక్కన పెట్టేయమ్మా. ఎస్ఓపీ అంటే ఏం చదివాను, ఏ ప్రాజెక్టు చేశాను, ఇకపై ఏం పరిశోధించాలనుకుంటున్నాను అని ఒక విభాగంలోని ఆచార్యులకు చెప్పుకునే పత్రం. ఇక్కడ అడుగుతున్నది అది కాదు. నీ పోటీలు, బహుమతులు దరఖాస్తులో వేరే చోట ఉన్నాయి, నీ జీవితకథ 650 పదాల వ్యాసంలో ఉంది. వాళ్లకు ఇంకా తెలియనిది ఒక్కటే: జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే నువ్వు ఎలా ఆలోచిస్తావు అన్నది. అక్కడ కోర్ పేరిట ప్రతి విద్యార్థీ చదవాల్సిన తరగతుల్లో చిన్న బృందంగా కూర్చుని ఒక పాఠాన్ని పట్టుకుని గంటల తరబడి వాదించుకుంటారు. ఆ బల్ల దగ్గర నువ్వు ఎలా ఉంటావో ఈ వ్యాసంలో కనబడాలి. కామన్ యాప్‌లో చేరకముందు తమ సొంత దరఖాస్తుకు అన్‌కామన్ అప్లికేషన్ అని పేరు పెట్టుకున్నవాళ్లు మరి!

ప్రశ్న వింతగా ఉంది కాబట్టి జవాబు అంతకన్నా వింతగా ఉండాలని చాలామంది పొరబడతారు. ప్రశ్నను మనస్ఫూర్తిగా నమ్మి, నిజంగానే జవాబు వెతికిన వ్యాసమే చివరిదాకా చదివిస్తుంది. సున్నా ప్రశ్న తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ప్రేమనో కాలాన్నో సున్నాతో భాగించవచ్చని మొదలుపెట్టి రెండో పేరాకల్లా నీతివాక్యాల్లోకి జారిపోతారు. లెక్కలంటే ఇష్టమన్న ఒక్క కారణంతో దాన్ని ఎంచుకోవద్దు. ఏ ప్రశ్న చదవగానే నీకు ఇంట్లో ఎవరితోనైనా వాదించాలనిపించిందో అది తీసుకో.

నేనైతే నీకు బేసి సంఖ్యల ప్రశ్న చూపిస్తాను. మన పెళ్లిలో మూడు ముళ్లు, ఏడడుగులు. అశుభంలో చూస్తే పదకొండో రోజు, పదమూడో రోజు. అంటే బేసి సంఖ్య శుభానికీ ఉంది, అశుభానికీ ఉంది. ఉత్తరాదివాళ్లు కట్నం చదివించేటప్పుడు 51, 101 అంటూ బేసిలోనే ఇస్తారు. మనం మాత్రం 116, 1116 అంటాం, రెండూ సరి సంఖ్యలే! ఎందుకని అడిగితే హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి కథ చెబుతారు. నిజాం రూపాయలు ఏడు ఇస్తే బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరు వచ్చేవి, ఆ లెక్కన నూరు రూపాయలకు 116 పైచిలుకు హాలీ రూపాయలు. వినడానికి బాగుంది. కానీ నిజాం నాణెం చెల్లని కోస్తా జిల్లాల్లోనూ నూటపదహార్లు చదివిస్తారు కదా, మరి ఆ కథ అక్కడికి ఎలా అతుకుతుంది? ఇలాంటి అనుమానం ఒక్కటి చాలు, వ్యాసం నడవడానికి. తేల్చి చెప్పకపోయినా ఫరవాలేదు, వెతికిన దారి చూపించు. చదివేవాళ్లు అమెరికావాళ్లు కాబట్టి ఆచారమేమిటో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపో, మన సంస్కృతి గొప్పదనం మీద ఉపన్యాసం వద్దు.

జవాబు | గుంటూరు_మేష్టారు

అమ్మాయీ, భాష గురించి ఒక్క మాట. ఇంగ్లీషులో బరువైన మాటలు వెతికి వెతికి పెడితే నీ గొంతు వినబడదు. తరగతిలో పక్కనున్న స్నేహితురాలికి చెప్పినట్లు రాసి, ఆ తర్వాత వ్యాకరణం సరిచూసుకో. ఎవరిచేతనైనా దిద్దించుకున్నా వాక్యాలు మాత్రం నీవే అయి ఉండాలి.

జవాబు | ఎడిసన్_అమ్మ

మా అబ్బాయికి ఈ తతంగమంతా దగ్గరుండి చూశాను. ఒక్కో కాలేజీది ఒక్కో తీరమ్మా. స్టాన్‌ఫర్డ్ వాళ్లు కాబోయే రూమ్మేటుకు ఉత్తరం రాయమంటారు. పెన్ (పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం) వాళ్లు ఒకప్పుడు నీ 300 పేజీల ఆత్మకథలో 217వ పేజీ పంపించమన్నారు. ఒకచోట రాసింది ఇంకోచోట సరిపోతుందని ఆశపడి అతికిస్తే అతుకు బయటపడుతుంది. చికాగో తొలివిడత గడువు నవంబరు మొదట్లో, మామూలు గడువు జనవరి మొదట్లో. ఆ వెంటనే ఫిబ్రవరిలో మీ బోర్డు పరీక్షలు మొదలవుతాయి కాబట్టి దసరా సెలవుల్లోనే మొదటి ప్రతి ముగించుకో.

పైన ఆ బాబు చెప్పినదానితో ఒకచోట నేను ఏకీభవించను. వాదించాలనిపించిన ప్రశ్నే కానక్కర్లేదు, చదవగానే నవ్వు తెప్పించిన ప్రశ్న అయినా సరే. నెమ్మదస్తులైన పిల్లలకు వాదన అచ్చిరాదు.

కూకట్‌పల్లి_12

అందరికీ కృతజ్ఞతలు. నూటపదహార్ల విషయం తాతగారితో మాట్లాడుతూ కాగితం మీద లెక్క వేస్తుంటే ఒకటి తట్టింది. మొదటి నాలుగు బేసి సంఖ్యలు కూడితే, అంటే 1+3+5+7, సరిగ్గా 16 వస్తుంది. వ్యాసం ఇలా మొదలుపెట్టాను: “అనాదిగా మానవజాతిని సంఖ్యలు ఆకర్షిస్తూనే ఉన్నాయి. మా తాతగారు ప్రతి పెళ్లి కవరులోనూ నూట పదహారు రూపాయలు పెడతారు, నూట పదిహేను పెడితే ఏమవుతుందని అడిగితే మాత్రం జవాబు చెప్పరు.” బాగుందా?

మిషిగన్_తీరం

మొదటి వాక్యం తీసేయి చెల్లీ, అది ఎవరైనా రాయగలరు. రెండో వాక్యంతోనే మొదలుపెట్టు. 1+3+5+7 సంగతి వ్యాసం మధ్యలో, హాలీ సిక్కా కథ మీద నీ అనుమానం చెప్పాక రావాలి. అందుకే ఈ ఆచారం పుట్టిందని మాత్రం రాయకు, దానికి నీ దగ్గర ఆధారం లేదు. మొదటి n బేసి సంఖ్యల మొత్తం ఎప్పుడూ n వర్గమే ఎందుకవుతుందో చుక్కలు పేర్చి నిరూపించగలవు కదా, ఆ నిరూపణ నీ మాటల్లో రాసి పంపు, చదివి చెబుతాను.