కాలవలోంచి నదిలోకి వెళ్ళగానే బోటు అడ్డం తిరుగుతోంది, త్వరగా చెప్పండి

పప్పుచారు పోయింది:
అందరికీ నమస్కారం. పొద్దున ఎనిమిదింటి నుంచి కుస్తీ పడుతున్నాం, ఇప్పుడు ఒంటిగంట. రెండు కుటుంబాలం కలిసి నాలుగు రోజులకి న్యారోబోటు, అంటే సన్నగా పొడుగ్గా ఉండే కాలవ బోటు, అద్దెకి తీసుకున్నాం. కాలవలో రెండు రోజులు హాయిగా వచ్చాం, పిల్లలు కూడా కాసేపు నడిపారు. తీరా నదిలోకి ముందుభాగం పెట్టానో లేదో నీళ్ళు దాన్ని పక్కకి తోసుకుపోవడం మొదలెట్టాయి, వెనకభాగం మాత్రం ఇంకా కాలవలోనే ఉంది. భయమేసి రివర్స్ వేశాను. అంతే, ఎటు తిప్పినా తిరగదు. వెనక భాగం గోడకి గుద్దుకుంది, లోపల స్టవ్ మీదున్న పప్పుచారు గిన్నె బోర్లా పడి సోఫా దాకా పారింది. చివరికి ఇద్దరం గట్టెక్కి తాడుతో వెనక్కి లాగి కట్టేశాం. మా ఆవిడ ఇక్కణ్ణుంచి బస్సెక్కుతానంటోంది. బోటు ఇచ్చినవాళ్ళు ఇరవై నిమిషాల్లో అంతా చూపించేసి వెళ్ళిపోయారు, నది గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఏం తప్పు చేశాను?

ట్రెంట్ గట్టు:
ఏ నది? ఎటు వెళ్ళాలి? బోటు పొడవెంత?

పప్పుచారు పోయింది:
సారీ, ఆక్స్‌ఫర్డ్. ఐసిస్ లాకు దాటి థేమ్స్‌లోకి. 57 అడుగులు.

రీడింగ్ బావ:
తమ్ముడూ, తప్పు రివర్స్ వేయడమే. ప్రొపెల్లర్ నీళ్ళని చుక్కాని మీదికి తోస్తేనే బోటు తిరుగుతుంది. రివర్స్‌లో ఆ నీళ్ళు ముందుకి పోతాయి కాబట్టి చుక్కాని పని చేయదు, బోటు ప్రవాహం చేతిలో పడుతుంది. భయమేసినప్పుడు చెయ్యి దానంతటదే స్పీడు తగ్గిస్తుంది, నదిలో అక్కడే దెబ్బ తింటాం. నాకూ మొదటిసారి కెనెట్ నది దగ్గర ఇలాగే అయింది. ఆబింగ్డన్ వైపే వెళ్తున్నావుగా? అయితే నీకు ప్రవాహం సాయం చేస్తుంది. షీప్‌వాష్ ఛానెల్ (లాకు నుంచి నదికి కలిపే చిన్న పాయ) చివరికి నెమ్మదిగా వచ్చి రెండు వైపులా చూసి, హారన్ ఒకసారి గట్టిగా కొట్టి, గేరు ముందుకే ఉంచి బయటికి రా. ముందుభాగం దానంతటదే ఎడమకి, అంటే దిగువకి తిరుగుతుంది, తిరగనివ్వు. వెనకభాగం బయటికొచ్చేదాకా థ్రాటిల్ వదలకు. వెంటనే ఆస్నీ బ్రిడ్జి వస్తుంది, చాలా తక్కువ ఎత్తు, 7 అడుగుల 6 అంగుళాలే. పైన కూర్చున్నవాళ్ళని, పొగ గొట్టాన్నీ దించేయ్.

కోనసీమ మాస్టారు:
ముందుభాగం, వెనకభాగం అంటున్నారు. మన భాషలో అణియం, అమరం అని మంచి మాటలున్నాయి బాబూ. మా తాతగారు ధవళేశ్వరం లాకు మీదుగా ధాన్యం పడవలు గోదావరిలోకి దించేవారు. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవ ప్రయాణం ఎంత సాగిందో ఇప్పటివాళ్ళకి తెలీదు. కాకినాడలో ఎక్కిన సరుకు కాలవల మీదే బకింగ్‌హాం కాలవ పట్టుకుని మద్రాసు చేరేది. గట్టున మనుషులు తాడు పట్టి లాగేవారు, ఇంగ్లండులో గుర్రాలు లాగినట్టే. లాకు తలుపు తీశాక నదిలో నీటి వాలు చూసి, ఓ పుల్ల వేసి అదెంత వేగంగా పోతుందో చూశాకే తాతగారు గడ ఎత్తేవారు. ఇప్పుడు ఇంజన్లున్నాయి, ఓపిక లేదు. ఇంకోటి, మీరు చేత్తో తిప్పేది చుక్కాని కాదు, చుక్కాని పిడి. చుక్కాని నీళ్ళలో ఉంటుంది.

స్లౌ సుబ్బి:
మాస్టారూ, మా బందరు వైపు రెండూ కలిపి చుక్కానే. చేత్తో పట్టుకున్నా చుక్కానే అంటాం.

కోనసీమ మాస్టారు:
బందరులో అంటారేమో. తప్పు తప్పే.

ట్రెంట్ గట్టు:
ఆయన పడవ ఆగిపోయి కూర్చున్నాడు, మీరు పిడి దగ్గర కొట్టుకోండి.

పప్పుచారు పోయింది:
బావగారూ, ఆబింగ్డన్ కాదు. పైకి, లెచ్‌లేడ్ వైపు వెళ్ళాలి.

రీడింగ్ బావ:
అరే, ఇది ముందు చెప్పాలి కదయ్యా! ఇంతసేపూ నేను రాసిందంతా తలకిందులు. పైకంటే నువ్వు కుడికి తిరగాలి, ప్రవాహం నిన్ను ఎడమకి తోస్తుంది. షీప్‌వాష్ చివర కుడి గట్టుకి దగ్గరగా ఉండు, గీసుకునేంత కాదు. ముందుభాగం నదిలోకి రాగానే పిడి బాగా ఎడమకి తోసి గట్టిగా థ్రాటిల్ ఇవ్వు. కుడికి వెళ్ళాలంటే పిడి ఎడమకి, కంగారులో ఇదే తారుమారవుతుంది. బోటు సగానికి దగ్గరలో ఇరుసు పెట్టినట్టు తిరుగుతుంది, అందుకే నువ్వు నుంచున్న వెనకభాగం ఎడమకి ఊగుతుంది, అటు గోడా ఇంకో బోటూ లేవని చూసుకో. ఓ పది ఇరవై గజాలు కిందికి జారినా పట్టించుకోకు, థ్రాటిల్ తీయకు, ఎదురు నీళ్ళలో నిలదొక్కుకున్నాక తగ్గించొచ్చు. ఒకరిని ముందు కూర్చోబెట్టి అరవమను, పిల్లలు లోపల. అందరికీ లైఫ్ జాకెట్లు. గట్టున ఆపేటప్పుడు కూడా ఎదురు నీళ్ళకి ముఖం పెట్టి ముందు తాడు మొదట కట్టాలి, వెనక తాడు మొదట కడితే బోటు అడ్డంగా తిరిగిపోతుంది.

ట్రెంట్ గట్టు:
లంగరు ఉందా? ముందుభాగంలోనే ఉండాలి, తాడు చివర గట్టిగా కట్టి ఉండాలి. ఇంజన్ ఆగితే అదొక్కటే దిక్కు. ఇంకో ముక్క: అద్దె కాగితంలో నది అని రాసుందా? కాలవ లైసెన్సు థేమ్స్‌కి పనికిరాదు, అక్కడ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీది విడిగా కావాలి.

పప్పుచారు పోయింది:
లంగరు ఉంది, పెట్టెలో. కాగితం చూస్తాను. నది ప్రవాహం ఎలా ఉందో చెప్పే బోర్డేదో చూడాలంటారు కదా, అది ఎక్కడుంటుంది?

రీడింగ్ బావ:
ఆ ముక్క ఇప్పుడా అడుగుతున్నావు! ప్రతి థేమ్స్ లాకు దగ్గరా ఉంటుంది. పసుపుదైతే ప్రవాహం పెరుగుతోందనో తగ్గుతోందనో, జాగ్రత్త. ఎర్రదైతే ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగాలి. నడుచుకుంటూ ఆస్నీ లాకు దాకా వెళ్ళి చూసి రా, అక్కడి లాకు కీపర్‌ని అడుగు, కాస్త నవ్వి అడిగితే అన్నీ చెప్తారు. అన్నట్టు లెచ్‌లేడ్ 30 మైళ్ళు, పది లాకులకి పైనే. రెండు రోజుల్లో వెళ్ళి బోటు తిరిగి ఇవ్వలేవు. గాడ్‌స్టో దాకా వెళ్ళి రా, పోర్ట్ మెడోలో గుర్రాలు నీళ్ళ దాకా వస్తాయి, పిల్లలు సరదా పడతారు.

స్లౌ సుబ్బి:
వైండింగ్ హోల్ దగ్గర వెనక్కి తిప్పుకుని కాలవ మీద డ్యూక్స్ కట్ (ఇంకాస్త ఎగువన థేమ్స్‌కి కలిపే పాయ) నుంచి వెళ్ళినా అవుతుంది కదా.

ట్రెంట్ గట్టు:
విండింగ్ హోల్. గాలికి బోటు తిరుగుతుందని ఆ పేరు వచ్చిందంటారు.

స్లౌ సుబ్బి:
పడవ తిప్పుతారు కాబట్టి వైండింగే అనుకున్నా.

కోనసీమ మాస్టారు:
పడవ తిరిగే చోటు అంటే సరిపోదా, రెండూ ఎందుకు?

పప్పుచారు పోయింది:
ఆలస్యంగా చెప్తున్నా. పొద్దునే నదిలోకి ఎక్కేశాం, ఓ పదిహేను గజాలు జారింది, గాడ్‌స్టో చేరాం. థాంక్సండీ.

ట్రెంట్ గట్టు:
బోర్డు ఏ రంగుంది?

స్లౌ సుబ్బి:
మరి మీ ఆవిడ బస్సెక్కారా?