ఆరేళ్లుగా దాచుకున్న లింకులన్నీ ఒకేసారి బయటికి తీయడం ఎలా? దయచేసి ఎవరైనా చెప్పండి

మలక్‌పేట టీచరు (శనివారం, సాయంత్రం 6:10)
మధ్యాహ్నం భోజనం అయినప్పటి నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, ఇంకా తెమలలేదు. చదివినవాటిలో నచ్చిన ప్రతిదాన్నీ నక్షత్రం గుర్తు నొక్కి ఆరేళ్లుగా దాచుకుంటూ వచ్చాను. 1908 మూసీ వరద, విశ్వేశ్వరయ్య గారి ప్రణాళిక, గండిపేట చెరువు, ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ జీవితం, ఇలా ఎన్నో ఉన్నాయి. వాటన్నింటినీ ఒకచోట చేర్చి మా తొమ్మిదో తరగతి పిల్లల ఇళ్లకు పంపాలి. సోమవారం సెప్టెంబరు 28. వరద వచ్చిన రోజు. పిల్లలను ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి తీసుకువెళ్తున్నాం. 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని అక్కడ నిలబడి ఒక్క మాట చెప్పి వెనక్కి తీసుకురావడం నాకు ఇష్టం లేదు. చదివి రావాలి.

ఒక్కొక్కటే పంపుదామని మొదలుపెడితే, పదిహేడు పంపేసరికి ఏది పంపానో ఏది పంపలేదో తెలియకుండా పోయింది. అన్నింటినీ ఒకే ఫైలుగా ఎగుమతి చేయవచ్చని ఎక్కడో చదివాను. మూడు చుక్కలు నొక్కాను, సెట్టింగులన్నీ తిరగేశాను. ఆ మాట ఎక్కడా కనిపించదు.

నల్లకుంట (6:22)
ఏ బ్రౌజరు?

మలక్‌పేట టీచరు (6:25)
అందరూ వాడేదే అండీ. క్రోమ్.

చిక్కడపల్లి పాత పుస్తకాలు (6:41)
టీచరు గారూ, ఫైలు సంగతి ఎవరైనా చెబుతారు. దానికంటే ముఖ్యమైనది ఒకటుంది. మీరు దాచుకున్నది వ్యాసాన్ని కాదు, వ్యాసం ఉన్న ఇంటి చిరునామాను. ఇల్లు కూల్చేస్తే చిరునామాతో ఏం చేస్తారు? ఆరేళ్ల నాటి లింకుల్లో ఎన్ని తెరుచుకుంటున్నాయో ముందు చూసుకోండి. నేను ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో పాత హైదరాబాదు మెట్లబావుల మీద వచ్చిన వ్యాసాల లింకులు రెండేళ్లు ఓపికగా పోగుచేశాను. ఈరోజు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

లింకులు దాచిపెట్టే సేవలను నమ్ముకున్నా అంతే. డెలీషియస్ 2003లో మొదలైంది, 2005లో యాహూ కొన్నది, ఆ తర్వాత చేతులు మారుతూ పోయింది. 2017లో పిన్‌బోర్డు అనే అలాంటి మరో సేవ దాన్ని కొని, కొత్త లింకులు చేర్చే వీలు తీసేసింది. పాకెట్‌ను మొజిల్లా 2025 జులై 8న మూసేసింది. అందుకే నేను నచ్చిన పుట కనబడగానే ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌కు వెళ్లి, ఆ చిరునామా ఇచ్చి ఒక ప్రతి తీయిస్తాను. ఆ ప్రతికి తేదీతో సహా వేరే లింకు వస్తుంది. అసలు పుట పోయినా అది ఉంటుంది.

ఇంకొకటి. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలను ఆర్కైవ్ నుంచి పంచుకునేటప్పుడు మనవాళ్లు చాలామంది పీడీఎఫ్ తెరిచాక పైన కనబడే చిరునామాను పంపుతారు. అది ఆ పూట ఆ పుస్తకాన్ని అందించిన సర్వరు చిరునామా, రేపు మారవచ్చు. అది కాకుండా, చిరునామాలో ‘డీటెయిల్స్’ అనే మాట ఉండే పుస్తకం పుట లింకునే పంపాలి. ఈ ఒక్క జాగ్రత్త పాటిస్తే సగం గోల తగ్గుతుంది.

మాటల మూట (6:58)
‘బుక్‌మార్క్’ అనకుండా ‘నక్షత్రం గుర్తు నొక్కి దాచుకున్నవి’ అన్నారు చూడండి, ప్రాణం లేచి వచ్చింది. దీనికి ‘పుటగుర్తు’ అనే చక్కని మాట వాడవచ్చు. చిన్నప్పుడు పుస్తకంలో నెమలి ఈక పెట్టుకున్నవాళ్లమే కదా అందరం.

తార్నాక (7:05)
పుటగుర్తు అంటే చదువుతూ ఆపిన చోట పెట్టుకునేది. టీచరు గారు చేసింది అది కాదు. నచ్చినవి ఏరి దాచుకున్నారు. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో వీటిని ‘ఫేవరెట్లు’ అనేవారు, అర్థం దానికే దగ్గర. ‘ఏరికలు’ అనవచ్చేమో.

మాటల మూట (7:11)
‘ఏరికలు’ అంటే ఎవరికి అర్థమవుతుంది? అందరికీ అర్థమయ్యే గుర్తు అనే మాట చేతిలో ఉండగా కొత్తది పుట్టించడం అనవసరం. గుర్తు అంటే ఆనవాలు, జ్ఞాపకం కూడా. రెండర్థాలూ ఇక్కడ సరిపోతాయి.

నల్లకుంట (7:13)
క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కండి. వచ్చిన పుటలో పైన కుడివైపు మూడు చుక్కలు. అందులో ‘బుక్‌మార్క్‌లను ఎగుమతి చేయండి’.

మలక్‌పేట టీచరు (7:20)
కంట్రోల్ ఎక్కడ నొక్కాలండీ? నా కీబోర్డులో అక్షరాలు, అంకెలు తప్ప ఏమీ లేవు. ఒక గంటలో ఇన్ని మాటలు వచ్చాయి, నా పని మాత్రం ఒక్క అడుగు కదల్లేదు. పెద్దలు ఏమీ అనుకోకండి, పేరు ఏదైనా పెట్టుకుందాం, ముందు ఇవి బయటికి వచ్చే దారి చూపించండి.

నల్లకుంట (7:21)
ఫోనా?

మలక్‌పేట టీచరు (7:22)
అవును, ఫోనే. మరి దేనిలో అనుకున్నారు?

నల్లకుంట (7:23)
ఫోను క్రోమ్‌లో ఎగుమతి లేదు. కంప్యూటర్ కావాలి.

తార్నాక (7:40)
టీచరు గారూ, కంగారు పడకండి, మీరు వెతకడంలో తప్పేమీ లేదు. ఫోనులో లేనిది ఎంత వెతికినా కనిపించదు. ఫోనులో క్రోమ్ తెరిచి సెట్టింగులలో మీ ఖాతా పేరు నొక్కి, బుక్‌మార్క్‌ల సింక్ అయి ఉందో లేదో చూడండి. లేకపోతే ఇప్పుడే చేయండి. తర్వాత కంప్యూటర్‌లో అదే ఖాతాతో క్రోమ్‌లోకి వెళ్తే కాసేపటికి అక్కడికీ వస్తాయి. ఫోనులో దాచినవి ‘మొబైల్ బుక్‌మార్క్‌లు’ అనే వేరే ఫోల్డరులో ఉంటాయి, మొదటి చూపులో కనబడకపోతే బెంగపడకండి. ఆ తర్వాత నల్లకుంట వారు చెప్పినట్లే చేయండి.

ఆ కంప్యూటర్ మీదేనా? ఇంట్లో ఇంకెవరిదైనా అయితే వారి ప్రొఫైలులోకి మీ ఖాతాతో వెళ్లకండి. మీవీ వారివీ కలగలిసిపోతాయి, విడదీయడం పెద్ద పని. పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కి మీకోసం కొత్త ప్రొఫైలు చేర్చుకోండి.

మలక్‌పేట టీచరు (7:48)
మా వారి లాప్‌టాప్. కొత్త ప్రొఫైలే చేస్తాను.

తార్నాక (7:55)
ఎగుమతి అయ్యాక వచ్చే ఫైలును అలాగే తల్లిదండ్రుల గ్రూపులో పెట్టకండి. అందులో మీరు దాచుకున్నవన్నీ ఉంటాయి. బ్యాంకు పుటలు, డాక్టరు వివరాలు, ఏ నాడో చూసిన పెళ్లి సంబంధాల పుటలు కూడా. పైగా కొందరి ఫోన్లలో అది సరిగా తెరుచుకోదు. కంప్యూటర్‌లో తెరిచి, కావలసినవి మాత్రం ఒక డాక్యుమెంటులోకి తెచ్చి, ఒక్కో లింకు పక్కన అది దేని గురించో ఒక వాక్యం రాయండి. ‘అమ్జద్ ఈ వరదలోనే తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నారు’ అని ఉంటే పిల్లలు తప్పక నొక్కుతారు. వట్టి లింకును ఎవరూ నొక్కరు. నేను మా అమ్మాయికి నాలుగేళ్లుగా పంపుతున్నాను, అనుభవంతో చెబుతున్నాను.

మలక్‌పేట టీచరు (8:50)
లాప్‌టాప్‌లోకి వచ్చాయి. కానీ తెలుగు వికీపీడియా లింకులు కాపీ చేస్తే చిరునామాలో తెలుగు మాయమై శాతం గుర్తులు, అంకెలు బారెడు పొడవున వస్తున్నాయి. పాడైపోయాయా? ఇవి పంపితే తల్లిదండ్రులు మోసపు లింకులనుకుని భయపడతారు.

నల్లకుంట (8:53)
పాడవలేదు. పనిచేస్తాయి.

తార్నాక (9:02)
ఒక్కో తెలుగు అక్షరమూ గుర్తూ కంప్యూటర్‌లో మూడు బైట్లుగా ఉంటుంది. చిరునామాలో ఒక్కో బైటును ఒక శాతం గుర్తూ రెండు అక్షరాలూ కలిపి రాస్తారు. అంటే ఒక్కోదానికి తొమ్మిది. ‘మూసీ’ అనే మాటలో మ, దీర్ఘ ఉకారం, స, దీర్ఘ ఈకారం, మొత్తం నాలుగు. అంటే 36 అక్షరాలు. డాక్యుమెంటులో ‘1908 మూసీ వరద’ అని రాసి ఆ మాటల వెనుక లింకు పెడితే బారెడు చిరునామా ఎవరికీ కనబడదు. వికీపీడియా పుటలకైతే వారి సొంత కుదింపు లింకు ఉంది, డబ్ల్యూ డాట్ వికీ. అది వాడవచ్చు.

చిక్కడపల్లి పాత పుస్తకాలు (9:15)
కుదింపు లింకుల విషయంలో జాగ్రత్త. వికీ వారిది సరే, మిగతావి వద్దు. గూగుల్‌వారి పాత కుదింపు సేవ 2019లోనే కొత్తవి ఇవ్వడం ఆపేసింది, చాలాకాలంగా ఎవరూ నొక్కనివి 2025 ఆగస్టులో పనిచేయడం మానేశాయి. అసలు చిరునామా ఎంత పొడవున్నా అదే దాచుకోండి.

మాటల మూట (9:31)
తార్నాక గారూ, ‘కుదింపు లింకు’ బాగుంది. ‘పొట్టి లింకు’ అంటే ఇంకా తేలికగా ఉండేది. ‘ఏరికలు’ మాత్రం నేను ఒప్పుకోను.

మలక్‌పేట టీచరు (ఆదివారం, ఉదయం 7:35)
అయిపోయింది. మొత్తం 212 ఉన్నాయి. వంటలవి, ఇంటివి తీసేసి 38 పంపాను. రాత్రి పన్నెండు దాటింది. మూడు మాత్రం తెరుచుకోవడం లేదు, వాటిలో హిమాయత్‌సాగర్ కట్టినప్పటి ఫొటోలున్న వ్యాసం కూడా ఉంది. అదే నాకు అన్నింటికంటే ఇష్టం. అందరికీ ధన్యవాదాలు. రేపటి ఏర్పాట్లు చూసుకోవాలి, ఉంటాను.

చిక్కడపల్లి పాత పుస్తకాలు (7:52)
ఆ మూడింటి చిరునామాలు ఇక్కడ పెట్టండి, వేబ్యాక్‌లో వెతుకుతాను. హిమాయత్‌సాగర్ 1927 నాటిది, ఆ ఫొటోలు ఇంకెక్కడైనా ఉండే అవకాశం ఉంది. వ్యాసం ఏ పత్రికలో, సుమారు ఏ నెలలో వచ్చిందో గుర్తుందా?

చిక్కడపల్లి పాత పుస్తకాలు (సాయంత్రం 5:20)
టీచరు గారూ?